60 పిల్లల్లో 9 మిగిలాయి: నాటు జాతి కోళ్లు మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

మామిడితోట_నూజివీడు | జూన్ 9

అందరికీ నమస్కారం. మాది నూజివీడు పక్క పల్లె. మూడెకరాల మామిడితోట, ఇంటి వెనక పెద్ద దొడ్డి. నేను, మా ఆవిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు ఉంటాం. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి రెండేళ్ల కిందట ఇంటికొచ్చాం. మా నాయనమ్మ ఉన్నన్నాళ్లూ దొడ్లో ముప్ఫై నలభై కోళ్లు తిరిగేవి. ఆవిడ పోయాక ఒక్కటీ మిగల్లేదు. ఆ జాతిని మళ్లీ ఇంటికి తేవాలన్నది నా కోరిక.

మార్చిలో ఒక వ్యాపారి దగ్గర అసీల్ (మన నాటు పందెం కోడి జాతి) అని చెప్పి 60 పిల్లలు తెప్పించాం. ఒక్క రోజు వయసువి. రేకుల చుట్టుగోడ కట్టి బల్బులు పెట్టాం. నాలుగో రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ఒక మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున 17 చచ్చి ఉన్నాయి. తర్వాత ఒకటీ అరా పోయాయి. ఏప్రిల్ చివర్లో మిగిలినవి పచ్చగా పారడం మొదలెట్టాయి, మెడలు తిరిగిపోయాయి, వారం రోజుల్లో దొడ్డి ఖాళీ అయింది. ఇప్పుడు 9 ఉన్నాయి. వాటిలో ఐదింటికి నెత్తి మీద ఎర్ర జుట్టు రంపం పళ్లలా నిలువుగా వస్తోంది. ఇవి అసలు అసీలేనా?

మా చిన్నది రోజూ పొద్దున్నే లేచి పిల్లల్ని లెక్కపెట్టేది. ఇప్పుడు దొడ్డి వైపే వెళ్లడం లేదు. ఈసారి తప్పు చేయదలుచుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గంపకింద_పిల్లలు | జూన్ 9

తమ్ముడూ, మాది జనగామ దిక్కు. ముప్పై ఏండ్లుగా కోళ్లు సాదుతున్నాను. నీ బాధ చదివితే మనసు కలుక్కుమంది.

ఈసారి పిల్లల్ని కొనకు. తల్లిని కొను. ఇదివరకే పొదిగి, పిల్లల్ని పెద్ద చేసిన రెండు మూడు పెట్టలు, వాటికి ఒక పుంజు. అంతే చాలు.

బల్బు వేడి ఇస్తుంది, ఒప్పుకుంటాను. తల్లి చేసే మిగతా పని ఎవరు చేస్తారు? ఏది తినాలో ముక్కుతో పొడిచి చూపిస్తుంది. ఆకులు గీకి పురుగును బయటేసి, తాను తినకుండా కుక్‌కుక్ అని పిలుస్తుంది. గద్ద నీడ పడితే గొంతు మార్చి ఒక్క అరుపు అరుస్తుంది, పిల్లలు ఎక్కడివక్కడ గడ్డిలో దూరి కదలవు. ఆ అరుపు వినకుండా పెరిగిన పిల్లను బయట వదిలితే గద్దకు మేతే.

లెక్క కూడా చెప్తా. పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. గుడ్లకు రెండు వారాలు పైన, పొదగడానికి 21 రోజులు, పిల్లలతో రెండు నెలలు. అంటే ఏడాదికి మూడుసార్లు, గట్టి పెట్టయితే నాలుగుసార్లు. మూడు పెట్టలు మూడేసి సార్లు, ఈతకు ఐదారు పిల్లలు దక్కినా ఏడాది తిరిగేసరికి నీ దొడ్లో నలభై యాభై ఉంటాయి. నువ్వు మార్చిలో తెచ్చి పోగొట్టుకున్నది అంతే కదా.

పశువైద్యం_రిటైర్డ్ | జూన్ 10

మీరు చెప్పిన లక్షణాలు కొక్కెర రోగానివి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల విరేచనాలు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ తిరగడం, కాళ్లూ రెక్కలూ పడిపోవడం. రాణీఖేత్ అన్నా, న్యూకాసిల్ అన్నా ఇదే. కంటితో చూడకుండా ఖాయంగా చెప్పకూడదుగానీ, టీకా పడని మందలో ఎండాకాలంలో ఇంత వేగంగా పోయాయంటే మొదటి అనుమానం దాని మీదే. వచ్చాక మందు లేదు. రాకముందు టీకా ఒక్కటే దారి.

మిగిలిన తొమ్మిదింటిని కొత్తవాటితో కలపకండి. కోలుకున్న కోళ్లు కూడా కొంతకాలం రెట్టలో వైరస్‌ను వదులుతుంటాయి. వాటిని తోట చివర వేరే గూట్లో ఉంచండి. పాత గూడు గీకి, చెత్త కాల్చి, సున్నం కొట్టి నెలన్నర ఖాళీగా వదలండి.

టీకాలు ఇలా వేయించండి. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లాసోటా, అంటే కొక్కెర రోగానికి చుక్కల టీకా, కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజుకి గంబోరో అనే ఇంకో వైరస్ రోగానికి టీకా. నాలుగో వారం చివర మళ్లీ లాసోటా. ఎనిమిదో వారంలో ఆర్‌టూబి, ఇదీ కొక్కెర రోగానికే, అర ఎం.ఎల్., చర్మం కింద సూదితో. దానికి వారం పది రోజుల ముందే నట్టల మందు (కడుపులో పురుగులకు) పట్టించాలి. జబ్బుతో ముడుచుకుని కూర్చున్న కోడికి ఏ టీకా వేయకూడదు. మశూచికి వేరే టీకా ఉంది, మీ ఊరి పశువుల ఆసుపత్రిలో అడగండి.

ఒక చిక్కుంది. టీకా సీసా వంద డోసులో ఇంకా ఎక్కువో ఉంటుంది. కలిపిన తర్వాత ఐస్‌లోనే పెట్టుకుని రెండు గంటల్లోపు వాడేయాలి. మీకు ఇరవై కోళ్లే ఉంటే మిగతాది పారబోయాలి. అందుకే చాలామంది వేయించరు. నా ఉద్యోగంలో చూసిందేమిటంటే, వీధి మొత్తం ఒక రోజు అనుకుని వేయించిన ఊళ్లలోనే కోళ్లు నిలిచాయి. మీ ఒక్క దొడ్లో వేసి పక్క దొడ్లో వేయకపోతే రోగం మీ గుమ్మం ముందే తిరుగుతుంటుంది.

భీమవరం_డేగ | జూన్ 10

మీ తొమ్మిదింటిలో ఐదు కలగలుపువి. అసలైన అసీల్‌కు జుట్టు నిలువుగా లేవదు. నెత్తికి అతుక్కుని, మూడు వరసల చిన్న బొడిపెల్లా ఉంటుంది. గొంతు కింద వేలాడే ఎర్ర తోలు దాదాపు ఉండదు. పొడవు మెడ, గట్టి కాళ్లు, ఒంటికి బిగిసిన ఈకలు, కిందకి వాలిన తోక. పట్టుకుంటే కండ రాయిలా తగలాలి. పెరిగిన పుంజు నాలుగు కిలోల పైన తూగుతుంది, పెట్ట మూడు.

ఇంకో మాట. డేగ, కాకి, సేతువ, నెమలి, పర్ల, మైల, ఇవన్నీ రంగుల పేర్లు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. వీటిని వేరువేరు జాతులని చెప్పి వేరువేరు రేట్లకు అమ్ముతుంటారు. నమ్మకండి. ప్రభుత్వ పుస్తకాల్లో పీలా, యాకూబ్, నూరి, కాగర్, చిట్టా అని ఉండేవి కూడా అసీల్‌లో రంగులను బట్టి వచ్చిన రకాలే.

మా నాన్నగారు పందేలకు పెంచేవారు. నేను ఆ దారి వదిలేశాను. 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం, 1974 నాటి మన గేమింగ్ చట్టం ప్రకారం అది నేరమన్నది ఒకటి, కత్తి కట్టిన కోడిని చూసి తట్టుకోలేకపోవడం ఇంకొకటి. కానీ నాన్న దగ్గర నేర్చుకున్నది ఒకటి ఇప్పటికీ పాటిస్తాను. ఆయన పుంజును ఎవరడిగినా అమ్మేవారు. పెట్టను మాత్రం ఎంత ఇస్తామన్నా ఇచ్చేవారు కాదు. ఊరంతా పుంజు పేరు చెప్పుకునేది, ఆయన పుస్తకంలో మాత్రం ఏ పెట్ట ఏ పెట్ట కూతురో రాసి ఉండేది. మీరూ పెట్టను చూసి కొనండి. దాని తల్లి ఎన్ని పిల్లల్ని దక్కించుకుందో అడగండి. అమ్మేవాడికి ఆ సంగతి తెలియకపోతే వదిలేసి వచ్చేయండి.

కొత్తరైతు_కడప | జూన్ 11

నేను కాస్త అడ్డం వస్తున్నాను, ఏమనుకోకండి. అసీల్ ఏడాదికి 30, 40 గుడ్లు పెడుతుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వాళ్లు తయారుచేసిన గ్రామప్రియ మంచి మేత పెడితే 200 పైన పెడుతుంది. వాళ్లదే ఇంకో కోడి వనరాజా, అటు మాంసానికి ఇటు గుడ్లకు. చూడ్డానికీ నాటుకోళ్లలాగే రంగురంగులుగా ఉంటాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, రోజూ గుడ్డు కావాలి. మూడు అసీల్ పెట్టలతో ఆ ఇంటికి గుడ్లు ఎక్కడ సరిపోతాయి? నేను 25 గ్రామప్రియలు పెంచుతున్నాను, నాకు ఏ ఇబ్బందీ లేదు.

గంపకింద_పిల్లలు | జూన్ 11

కడప తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే. గుడ్ల కోసమైతే గ్రామప్రియ మంచిది. మా చెల్లె ఇంట్లో అవే ఉన్నాయి. ఒక్కటి అడుగుతా. రెండేళ్ల తర్వాత నీ 25 ముసలివయితే ఏం చేస్తావు?

కొత్తరైతు_కడప | జూన్ 11

మళ్లీ పిల్లల్ని తెచ్చుకుంటాను అక్కా.

గంపకింద_పిల్లలు | జూన్ 11

అదీ తేడా. అవి పొదగవు. వాటి గుడ్లు నా పెట్ట కింద పెట్టి పొదిగించినా, వచ్చిన పిల్లలు తల్లి అంత గుడ్లు పెట్టవు. రెండు మూడు వంశాలు కలిపి చేసిన కోడి అది, ఆ గుణం ఒక్క తరానికే. మా వాడలో ఏడెనిమిదేండ్ల కింద అందరూ వనరాజా పుంజుల్ని తెచ్చి నాటు పెట్టలకు వదిలారు. పిల్లలు పెద్దగా, అందంగా వచ్చాయి. అందరం సంతోషపడ్డాం. రెండు మూడు తరాలు తిరిగేసరికి పొదుగుకు కూర్చునే పెట్ట వాడ మొత్తంలో నాలుగిండ్లలోనే మిగిలింది. కొన్ని కూర్చుంటాయి, పదో రోజు లేచిపోతాయి. గుడ్లన్నీ మురిగిపోతాయి. మాంసం పెరిగింది, గుడ్లు పెరిగినయి, కోడి తనంతట తాను కోడిని పుట్టించుకునే తెలివి పోయింది. ఇప్పుడు నా దగ్గరున్న ఆరు పెట్టలను ఎవరి పుంజుతోనూ కలవనీయను.

నూజివీడు తమ్ముడికి గుడ్లు కావాలంటే ఓ ఐదు గ్రామప్రియలు వేరే గూట్లో పెట్టుకోవచ్చు. పుంజు మాత్రం అసీల్‌దే ఉండాలి, గ్రామప్రియ గుడ్లు పొదిగించకూడదు.

పశువైద్యం_రిటైర్డ్ | జూన్ 11

జనగామ అమ్మ చెప్పింది అక్షరాలా సరైన మాట. గ్రామప్రియ, వనరాజా, మా పాత కాలేజీలో తయారైన రాజశ్రీ, మూడూ పెరటికి మేలు చేసిన కోళ్లే. ఎందుకోసం తయారయ్యాయో దానికే వాడాలి. జాతిని నిలబెట్టే పని వాటికి అప్పగించకూడదు.

టెక్సస్_పెరడు | జూన్ 12

నేను తెనాలి పిల్లను, డాలస్ దగ్గర ఉంటున్నాను. పెరట్లో ఎనిమిది కోళ్లున్నాయి. ఇక్కడ లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అనే సంస్థ వారసత్వ కోడి అని దేన్ని పిలవాలో నిర్వచనం పెట్టింది. వాటంతట అవి జతకట్టాలి. బయట తిరిగి చాలా ఏళ్లు బతకాలి, పెట్ట ఐదు నుంచి ఏడేళ్లు గుడ్లు పెట్టాలి. నెమ్మదిగా పెరగాలి, కోతకు కనీసం 16 వారాలు పట్టాలి. చదవగానే మా అమ్మమ్మ ఇంటి కోళ్లు గుర్తొచ్చాయి. ఇక్కడ పేరు పెట్టి కాపాడుకుంటున్నదంతా మన దొడ్లో పేరు లేకుండా తిరిగింది.

ఇంకో విషయం తెలిసి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఆరు వారాల్లో రెండు కిలోలయ్యే బ్రాయిలర్ వంశంలో కార్నిష్ అనే ఇంగ్లండ్ జాతి ఉంది. ఆ కార్నిష్‌ను మన దేశం నుంచి వెళ్లిన అసీల్ రక్తంతోనే తయారుచేశారు. దాని మొదటి పేరే ఇండియన్ గేమ్. ఆ వెడల్పాటి రొమ్ము కండ అక్కడి నుంచి వచ్చిందే. అసీల్‌ను 1981లో ఇక్కడి ప్రామాణిక జాతుల పుస్తకంలో చేర్చారు. ఇక్కడి నుంచి కోళ్లు పంపలేను, తీసుకురాలేను. కానీ మీరు నిలబెడుతున్నది ఎంత పెద్ద వంశమో చెప్పాలనిపించింది.

కోళ్లపిచ్చి_సిద్దిపేట | జూన్ 12

కడక్‌నాథ్ (నల్లమాంసం కోడి) గురించి ఎవరూ మాట్లాడరేం? మంచి రేటు ఉంది కదా.

భీమవరం_డేగ | జూన్ 12

మంచి కోడే, కానీ అది ఝాబువా కోడి, మధ్యప్రదేశ్‌ది. 2018లో ఆ ప్రాంతం పేరు మీదే జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సొంత సరుకు అన్న ముద్ర) వచ్చింది. పెట్టలు సరిగా పొదగవు. గుడ్డు కూడా నల్లగా ఉంటుందని అమ్మేవాళ్లున్నారు, అది లేత గోధుమ రంగులో ఉంటుంది. ఈయన అడిగింది నాయనమ్మ కోళ్ల గురించి.

చింతూరు_ఏరు | జూన్ 13

మా ఏజెన్సీలో (మన్యంలో) కోడిని డబ్బు పెట్టి కొనడం తక్కువ. వాటాకి తెచ్చుకుంటాం. పెట్ట ఉన్నవాళ్లు లేనివాళ్లకి ఇస్తారు. పొదిగి పెద్దయిన పిల్లల్లో సగం పెట్ట ఇచ్చినవాళ్లకి, సగం పెంచినవాళ్లకి. పెట్ట తిరిగి వెళ్లిపోతుంది, ఇంట్లో దాని కూతుళ్లుంటాయి. చేతిలో రూపాయి లేని ఆడమనిషి కూడా ఏడాదిలో మందకు యజమాని అవుతుంది. ఇంకో మేలేంటంటే ఒకే జాతి నాలుగైదు ఇళ్లలో ఉంటుంది. ఒక ఇంట్లో రోగమొచ్చి పోయినా ఇంకో ఇంట్లో ఉంటుంది. మీ వైపు అలాంటిది ఉందేమో మీ అమ్మగారిని అడగండి.

మామిడితోట_నూజివీడు | జూన్ 15

అడిగాను. మా వైపు "పాలుకి ఇవ్వడం" అంటారట, పాలు అంటే వాటా. గేదెలకే అనుకున్నాను, నాయనమ్మ కోళ్లను కూడా ఇచ్చేదట. అమ్మ మరిచేపోయిందన్నమాట, నేను చదివి వినిపిస్తే పాలుకి తీసుకున్నవాళ్ల ఒక్కొక్క పేరూ గుర్తు చేసుకుంది. పక్క ఊళ్లో గొర్రెలు కాసుకునే ఒక కుటుంబం దగ్గర మంచి పెట్టలున్నాయి. అమ్మే వెళ్లి మాట్లాడింది. రెండు పెట్టలు పాలుకి, ఒక పెట్టకి డబ్బిచ్చాం. పుంజును ఇంకో ఊరి నుంచి తెచ్చుకోమన్నారు, ఒకే ఇంటివి కలిస్తే పిల్లలు బలహీనంగా పుడతాయని వాళ్లే చెప్పారు. సున్నం కొట్టిన గూడు ఆరబెడుతున్నాను. ఆగస్టు మొదటి వారంలో తెస్తాం. పాతవాటిని తోట చివరకు మార్చేశాను.

చింతూరు_ఏరు | జూన్ 15

మంచి పని చేశారు. చెద కుండలు ఇప్పుడే మొదలెట్టండి. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి, చిరిగిన గోనె ముక్కలు కుక్కి, సాయంత్రం చెదలున్న చోట బోర్లించండి. ఎండ ఎక్కకముందే తీసి కోళ్ల ముందు కొట్టండి. నూకలూ తవుడుతో కడుపు నిండుతుందిగానీ, పిల్లలకు మాంసకృత్తులు కావాలి. మొదటి నెల ఆ చెదలే వాటి ప్రాణం.

మామిడితోట_నూజివీడు | అక్టోబర్ 2

చాలా రోజులైంది. మూడు పెట్టలూ కుదురుకున్నాయి. కొన్న పెట్టకి మా చిన్నది గౌరి అని పేరు పెట్టింది. ఎర్రది, మెడ మీద మాత్రం నల్ల చారలు. సెప్టెంబర్ 20న పొదుగుకు కూర్చుంది. 11 గుడ్లు పెట్టాం. అమ్మ గుడ్ల కింద ఇసుక, ఎండుగడ్డి, గూటి చుట్టూ సీతాఫలం ఆకులు, ఒక ఇనప మేకు, రెండు ఎండు మిరపకాయలు పెట్టింది. ఉరుములకు గుడ్లు మురగకుండా అంటుంది. ఇది నిజమేనా డాక్టర్ గారూ? ఎనిమిదో రోజు రాత్రి టార్చి పెట్టి చూశాం. పదింటిలో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి. ఒకటి ఖాళీ, తీసేశాం.

పశువైద్యం_రిటైర్డ్ | అక్టోబర్ 2

సీతాఫలం ఆకులు కోడిపేలు పట్టకుండా వాడతారు, ఉంచండి. ఉరుముల సంగతికొస్తే, వానాకాలంలో గుడ్లు మురగడం నిజం, కారణం తేమ, చల్లబడటం, గూట్లోకి నీళ్లు రావడం. మేకు వల్ల నష్టమేమీ లేదు, అమ్మగారి మనసుకు ధైర్యం. గూడు మీద జల్లు పడకుండా చూడండి. పెట్ట రోజుకోసారి లేచి తిని, తాగి, మట్టిలో పొర్లి వస్తుంది. లేవకపోతే మీరే మెల్లగా తీసి బయట పెట్టండి. చివరి మూడు రోజులు మాత్రం కదపకండి.

మామిడితోట_నూజివీడు | అక్టోబర్ 11

నిన్న రాత్రి, అంటే ఇరవయ్యో రాత్రి, మా చిన్నది గూటి పక్కనే చాప వేసుకుని కూర్చుంది. పదిన్నరకి నన్ను పిలిచింది. చెవి దగ్గరగా పెట్టి వింటే, గౌరి రెక్క కింద నుంచి సన్నగా కిచ్ కిచ్ అని రెండు గొంతులు. గుడ్లు పగల్లేదు, లోపలి నుంచే. దానికి గౌరి గొంతులోనే గురగురమని జవాబిస్తోంది. మాట్లాడుకుంటున్నాయి నాన్నా, అంది మా పిల్ల. అంతకు ముందు మేం పెంచిన అరవైలో ఒక్కదానికీ అలా జవాబిచ్చినవాళ్లు లేరు.

ఈ రోజు మధ్యాహ్నానికి తొమ్మిది బయటికొచ్చాయి. పదోది పెంకు సగం పగలగొట్టి ఆగిపోయింది. చేత్తో తీయబోయాను, అమ్మ వద్దంది. అది దక్కలేదు. తొమ్మిదింటికీ నెత్తి మీద జుట్టు అణిగే ఉంది.

గంపకింద_పిల్లలు | అక్టోబర్ 11

చేయి పెట్టకపోవడమే మంచిదైంది తమ్ముడూ. రెండు రోజులు గంప కిందే కమ్మి ఉంచు. నూకలు సన్నగా దంచి, మంచినీళ్లు లోతు లేని పళ్లెంలో పెట్టు, మధ్యలో గులకరాళ్లు వెయ్యి, లేకపోతే మునుగుతాయి. మూడో రోజు ఎండ వచ్చాక తల్లితో పాటు వదులు. బావురుపిల్లి తిరిగే చోటయితే సాయంత్రం వెలుగుండగానే గూట్లోకి చేర్చు. చిన్న బిడ్డకు నా ముద్దులు.

పశువైద్యం_రిటైర్డ్ | అక్టోబర్ 11

సంతోషం. 16, 18 తేదీల మధ్య లాసోటా చుక్క పడాలి. మర్చిపోకండి.

మామిడితోట_నూజివీడు | అక్టోబర్ 13

మర్చిపోలేదు సార్. వీధిలో ఇల్లిల్లూ తిరిగాం, నేనూ మా చిన్నదీ. అది పలక పట్టుకుని రాసింది. పదకొండిళ్లు, మొత్తం 104 కోళ్లు, వాటిలో 31 పిల్లలు. ఇద్దరు మొదట వద్దన్నారు, పోయినేడు తమ కోళ్లు ఎలా పోయాయో చెప్తూ చెప్తూ వాళ్లే ఒప్పుకున్నారు. పెద్దవాటికి మీరు చెప్పిన సూది టీకా వేరే రోజు పెట్టుకున్నాం, ముందు నట్టల మందు పట్టించాలి కదా. చుక్కల మందు గురువారం సాయంత్రం ఆరింటికి, మా దొడ్లో. టీకా తెచ్చే బాధ్యత పశువుల ఆసుపత్రి సహాయకుడిది, ఐస్ ఫ్లాస్కు నాది. కోళ్లను పట్టుకునేది అమ్మ. గౌరి తన పిల్లల దగ్గరికి ఎవర్నీ రానివ్వదు, అమ్మ చేతికి మాత్రం ఊరుకుంటోంది.